పులికాట్‌లో పెద్ద మచ్చల గద్ద: ఎలా నిర్ధారించుకోవాలి, ఎలా అనుసరించాలి

మీ ప్రశ్న సారాంశం ఇది. మీరూ మీ మిత్రులూ ఈ చలికాలంలో మూడు సందర్భాల్లో ముదురు గోధుమ రంగులో ఉన్న ఒక పెద్ద గద్దను చూశారు. మొదటిసారి అటకానితిప్ప దగ్గర సర్కారు తుమ్మ చెట్టు మీద, రెండవసారి శ్రీహరికోట రోడ్డుకు ఉత్తరాన బాతుల గుంపు మీదుగా ఎగురుతూ, మూడవసారి దొరవారిసత్రం వైపు ఒక చెరువు కట్ట మీద అది కనిపించింది. మన పక్షి మిత్రులు గ్రేటర్ స్పాటెడ్ ఈగిల్ అని పిలిచే పెద్ద మచ్చల గద్ద ఇదేనా, మూడుసార్లూ కనిపించింది ఒకే పక్షా, ఇకముందు దానిని ఎలా వెతకాలి, కనిపించిన చోటును బయటికి చెప్పవచ్చా అని అడిగారు.

ముందుగా ఫొటోల సంగతి చెబుతాను. మీ రెండవ ఫొటోలో పక్షి రెక్కలు వెడల్పుగా, దాదాపు పలకలాగా ఉన్నాయి. తోక పొట్టిగా ఉంది. గాలిలో తేలుతున్నప్పుడు రెక్కల చివరలు కిందికి వాలి ఉన్నాయి. ఈ మూడూ కలిసి కనిపించాయి కాబట్టి అది మచ్చల గద్దల్లో ఒకటి అనడానికి నాకు సందేహం లేదు. అయితే మన ప్రాంతంలో మచ్చల గద్దలు రెండు ఉన్నాయి. ఒకటి రష్యా వంటి ఉత్తర దేశాల చిత్తడి అడవుల నుంచి చలికాలానికి వచ్చే పెద్ద మచ్చల గద్ద. రెండవది మన దేశంలోనే గూడు కట్టుకునే ఇండియన్ స్పాటెడ్ ఈగిల్. మీ ఫొటో ఈ రెండింటిలో ఏదో తేల్చేంత స్పష్టంగా లేదు. మొదటి, మూడవ ఫొటోల్లో పక్షి వెన్ను తప్ప ఏమీ కనిపించడం లేదు కనుక వాటిని ప్రస్తుతానికి పక్కన పెట్టడమే మంచిది.

తేల్చుకోవడానికి ఇంత శ్రమ పడటం అవసరమా అని మీ మిత్రులలో ఒకరు అడిగినట్లు రాశారు. అవసరమే. పెద్ద మచ్చల గద్ద పోలండ్ లోని బెబ్జా చిత్తడి నేలలు, బెలారుస్ మొదలుకొని సైబీరియా మీదుగా రష్యా తూర్పు కొస వరకు గూళ్లు పెడుతుంది. ఇంత విశాలమైన నేల మీద పరచుకొని ఉన్నా, ప్రపంచం మొత్తం మీద ఎదిగిన పక్షులు 3,900 నుంచి 10,000 వరకే ఉంటాయని అంచనా. అంతర్జాతీయ ప్రకృతి పరిరక్షణ సంఘం దీనిని ముప్పు ఉన్న జాతుల జాబితాలో చేర్చింది. మన దేశంలో 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం మొదటి షెడ్యూలులో దీనికి చోటు ఉంది. వలస జాతుల ఒప్పందం కింద వేటపక్షుల కోసం ప్రత్యేకంగా కుదిరిన అవగాహన పత్రం మీద భారతదేశం 2016లో సంతకం చేసింది. ఇటువంటి పక్షి పులికాట్‌కు వచ్చే చలికాలాల్లో ఎన్ని రోజులు ఉంది, ఏ నీటి పట్టున గడిపింది, ఏమి తిన్నది అన్న వివరాలు సరైన గుర్తింపుతో నమోదు అయితేనే ఆ నీటి పట్టును కాపాడమని అడగడానికి ఆధారం దొరుకుతుంది. తప్పుగా గుర్తించిన పది నమోదులకన్నా సరిగా గుర్తించిన ఒక్క నమోదు విలువైనది.

గుర్తింపు విషయానికి వస్తే, రంగును చివర చూడండి. పులికాట్ ఉప్పునీటి మీద, ఎండిన తెల్లని బురద మీద పడి పైకి తిరిగే వెలుతురు పక్షి అడుగు భాగాన్ని ఉన్నదానికన్నా లేతగా చూపిస్తుంది. మబ్బు పట్టిన రోజున అదే పక్షి బొగ్గులా కనిపిస్తుంది. ఆకారం మాత్రం వెలుతురును బట్టి మారదు. పెద్ద మచ్చల గద్ద రెక్క చివర ఏడు వేళ్లు, అంటే వేళ్లలా విచ్చుకున్న పొడవాటి ఈకలు, విడివిడిగా కనిపిస్తాయి, ఏడవది కొంచెం పొట్టిగా ఉంటుంది. రెక్కలు చాపినప్పుడు ఈ చివర నుంచి ఆ చివరకు వెడల్పు 155 నుంచి 180 సెంటీమీటర్ల వరకు ఉంటుంది, అంటే రోజూ మనం చూసే నల్ల గద్ద పక్కన ఎగిరినప్పుడు దీని బరువు, వెడల్పు వెంటనే తెలిసిపోతాయి. పక్కన పోల్చుకోవడానికి మరో పక్షి లేకపోతే పరిమాణం గురించి నోట్‌బుక్‌లో ఏమీ రాయకండి. ఖాళీ ఆకాశంలో పరిమాణాన్ని ఎవరూ నమ్మకంగా చెప్పలేరు.

రెక్క అడుగు భాగం ఫొటో ఒక్కటి స్పష్టంగా దొరికితే సగం పని అయిపోతుంది. అక్కడ రెండు విషయాలు చూడాలి. మొదటిది, రెక్క ముందు భాగంలోని చిన్న ఈకల రంగుకూ వెనుక భాగంలోని పొడవాటి ఎగిరే ఈకల రంగుకూ ఉన్న తేడా. పెద్ద మచ్చల గద్దలో ముందు ఈకలు ఎగిరే ఈకలకన్నా ముదురుగా, లేదా వాటితో సమానంగా ఉంటాయి. ఇండియన్ స్పాటెడ్ ఈగిల్‌లో ఇది తలకిందులు, ముందు ఈకలు లేతగా, ఎగిరే ఈకలు ముదురుగా ఉంటాయి. రెండవది, వేళ్ల మొదట్లో కనిపించే తెల్లని నెలవంక వంటి గీత. పెద్ద మచ్చల గద్దలో సాధారణంగా ఒకటే నెలవంక ఉంటుంది, రెండవది ఉంటే రెండు గీతలు వేరువేరుగా కనిపిస్తాయి, అది ఇండియన్ వైపు మొగ్గు చూపే సూచన. ఈ రెండవ లక్షణాన్ని ఒంటరిగా నమ్మవద్దు. వయసును బట్టి, వెలుతురును బట్టి అది మారుతుంది. మొదటి లక్షణంతో కలిసి వచ్చినప్పుడే దానికి బలం.

పక్షి కూర్చొని ఉన్నప్పుడు తలను పక్క నుంచి తీసిన ఫొటో మరో సగం పని చేస్తుంది. నోటి చివర నుంచి కంటి కిందికి సాగే పసుపు గీతను చూడండి. పెద్ద మచ్చల గద్దలో అది కంటి మధ్య భాగం కిందకు వచ్చి ఆగుతుంది. ఇండియన్ స్పాటెడ్‌లో అది మందంగా ఉండి కంటి వెనుక అంచు వరకు, ఒక్కోసారి దానిని దాటి కూడా వెళుతుంది, అందుకే దాని ముఖం ఎప్పుడూ నోరు సాగదీసినట్లు కనిపిస్తుంది. ముక్కురంధ్రం గుండ్రంగా ఉంటే మచ్చల గద్దల్లో ఒకటి. నిలువుగా పొడవుగా ఉంటే స్టెప్ ఈగిల్ వంటి మరో గద్ద కావచ్చు. స్టెప్ ఈగిల్ కూడా చలికాలంలో మన దేశానికి వచ్చే పక్షే, 2015 నుంచి దానిని అంతరించే ప్రమాదం ఉన్న జాతిగా లెక్కిస్తున్నారు. దాని పసుపు గీత కంటి వెనుక అంచును దాటిపోతుంది. పిల్ల పక్షి అయితే రెక్క అడుగున మధ్యలో వెడల్పాటి తెల్లని పట్టీ ఉంటుంది.

మీరు చూసినది పిల్ల పక్షి అయితే మీ పని చాలా సులువు అవుతుంది. మొదటి చలికాలపు పెద్ద మచ్చల గద్ద వెన్ను నల్లటి గోధుమ రంగులో ఉండి, రెక్కల పైన తెల్లని చుక్కలు వరుసలు వరుసలుగా కనిపిస్తాయి. ఈ పక్షికి ఆ పేరు వచ్చింది వీటి వల్లనే. తోక మొదట్లో తెల్లని అర్ధచంద్రం ఉంటుంది. ఎదిగేకొద్దీ చుక్కలు అరిగిపోయి, ఎదిగిన పక్షి దాదాపు ఒకే ముదురు రంగులో మిగులుతుంది. అరుదుగా ఒళ్లంతా లేత పసుపు గోధుమ రంగులో ఉండి ఎగిరే ఈకలు మాత్రమే నల్లగా ఉన్న పక్షులు కూడా ఉంటాయి. అటువంటిది ఎదురైతే రంగు చూసి వేరే జాతిగా కొట్టిపారేయకుండా ముక్కు, నోటి గీత, వేళ్ల లెక్క మీద నిలబడండి.

తప్పుదారి పట్టించే పక్షులు పులికాట్‌లో చాలానే ఉన్నాయి. అన్నిటికన్నా ఎక్కువ పొరపాట్లు జరిగేది పిల్లిగద్దల్లో పెద్దదైన వెస్టర్న్ మార్ష్ హారియర్ ఆడ పక్షితో. అది కూడా ముదురు గోధుమ రంగే, అది కూడా నీటిపక్షుల మీదుగా తక్కువ ఎత్తులో ఎగురుతుంది. కానీ అది తేలేటప్పుడు రెక్కలను పైకెత్తి వి ఆకారంలో ఉంచుతుంది, తోక పొడవుగా ఉంటుంది, నడినెత్తిన లేత మీగడ రంగు టోపీ ఉంటుంది. తెల్ల పొట్ట సముద్రపు గద్ద పిల్ల పక్షి కూడా గోధుమ రంగులోనే ఉంటుంది, కానీ దాని తోక మేకులా చివర కోసుగా ఉండి, రెక్కలు బాగా పైకి లేచి ఉంటాయి. నల్ల గద్ద తోక చీలి ఉంటుంది. బూటెడ్ ఈగిల్ ముదురు రకానికి మెడ మొదట్లో రెండు వైపులా చిన్న తెల్ల మచ్చలు ఉంటాయి, ఎదురుగా వస్తున్నప్పుడు అవి దీపాల్లా కనిపిస్తాయి. వీటిని ముందు గట్టిగా నేర్చుకున్నవారికి అసలు పక్షి కనిపించిన రోజున సందేహం ఉండదు. పులికాట్‌లో అరుదైన దాని వెంట పడే ముందు అక్కడ రోజూ ఉండే పిల్లిగద్దను వంద కోణాల నుంచి చూడమని కొత్తవారికి నేను చెప్పేది అందుకే.

ఇక వెతకడం. ఈ విషయంలో నా సలహా మీకు కొంత విచిత్రంగా అనిపించవచ్చు: గద్దను వెతకకండి, నీటిపక్షులను చూడండి. వందల చదరపు కిలోమీటర్ల సరస్సులో చెట్టు చెట్టునూ దుర్భిణితో గాలిస్తే కళ్లు అలసిపోవడం తప్ప మిగిలేది ఉండదు. నీటి మీద ఉన్న వేల కళ్లు మనకన్నా ముందే దానిని చూస్తాయి, మన పని ఆ కళ్లను చదవడమే.

ఒక్కొక్క వేటపక్షికి నీటిపక్షులు ఒక్కొక్క రకంగా స్పందిస్తాయి. పెరిగ్రిన్ డేగ వచ్చినప్పుడు ఒడ్డున బురదలో మేసే చిన్న ఉల్లంకులు ఒక్కసారిగా లేచి ముద్దలాగా కట్టుకొని, గాలిలో మెలికలు తిరుగుతాయి. పిల్లిగద్ద వచ్చినప్పుడు బాతులు దాని దారిలో ఉన్నంత మేరకే లేచి, అది దాటిపోగానే వెనకే వాలుతాయి, రోజూ వచ్చేదే కదా అన్నట్లు. సముద్రపు గద్ద పైన ఎత్తుగా వెళ్తుంటే చాలామటుకు పట్టించుకోవు. మచ్చల గద్ద వస్తే మాత్రం సూదితోక బాతులు, విజియన్ బాతులు చాలా దూరం నుంచే లేచి, ఎత్తుకు వెళ్లి, తొందరగా దిగిరావు. దొరవారిసత్రం దగ్గరి నేలపట్టు పక్షుల కేంద్రం, దాని చుట్టుపక్కల మంచినీటి చెరువుల్లో ఉండే బొల్లికోళ్లు ఎగరవు, అన్నీ ఒక్కచోటికి ఈదుకుంటూ వచ్చి, దట్టంగా గుంపు కట్టి, గద్ద మీదికి వచ్చినప్పుడల్లా కాళ్లతో, రెక్కలతో నీళ్లు చిమ్ముతాయి. గద్ద ఆ గుంపు మీద పదే పదే తిరుగుతూ, ఒకటి విడిపోయే వరకు లేదా అలసి మునగలేని స్థితికి వచ్చే వరకు ఎదురుచూస్తుంది. చెరువులో బొల్లికోళ్లు ఇలా నల్లని చాపలా ఒక్కచోట చేరి ఉన్నాయంటే పైకి చూడండి. చాలాసార్లు గద్ద మీ తల మీదే ఉంటుంది.

దీనికి మరో అలవాటు ఉంది, దోచుకోవడం. భీమునివారిపాళెం వైపు ఒక ఉదయం నేను చూసిన దానిని కొంచెం వివరంగా చెబుతాను, ఎందుకంటే ఇది మీకు గుర్తింపులో కూడా ఉపయోగపడుతుంది. ఒక పిల్లిగద్ద జమ్ము అంచున ఏదో పట్టుకొని దిగింది. రెండు నిమిషాలు కూడా కాకముందే తాటిచెట్ల వైపు నుంచి ఒక ముదురు పక్షి, తొందర లేకుండా, బరువుగా నాలుగైదు సార్లు రెక్కలు కొట్టి తేలుతూ, రెక్క చివరలు కిందికి వాల్చి వచ్చింది. పిల్లిగద్ద ఎదిరించలేదు. కొంచెం పైకి లేచి, అరుస్తూ చుట్టూ తిరిగింది. వచ్చిన పక్షి నేల మీద దిగి, నడుస్తూ ఆ ఆహారం దగ్గరికి వెళ్లి, రెండు కాళ్లూ దాని మీద పెట్టి నిలబడింది. స్కోపులో (పక్షులను చూసే టెలిస్కోపులో) చూస్తే దాని కాళ్ల మీద ఈకలు వేళ్ల మొదలు వరకూ ఉన్నాయి, పిల్లిగద్ద కాళ్లు మాత్రం పసుపుగా, బోడిగా ఉన్నాయి. ఈ ఒక్క దృశ్యంలో ఎగిరే తీరు, నడక, కాళ్లు, పిల్లిగద్దతో పోలిస్తే పరిమాణం అన్నీ దొరికాయి. ఇది చేపలు పట్టుకొచ్చే ఆస్ప్రే దగ్గర కూడా ఇలాగే లాక్కుంటుంది, చనిపోయిన పక్షులను, చేపలను, కప్పలను కూడా తింటుంది. కాబట్టి వేటాడే పక్షి ఎక్కడ ఆహారంతో దిగినా ఆ చుట్టూ కొంతసేపు చూడడం అలవాటు చేసుకోండి.

ఎక్కడ నిలబడాలన్న దానికి పులికాట్ స్వభావాన్ని కొంచెం అర్థం చేసుకోవాలి. ఇది చిలికా తరువాత మన దేశంలో రెండవ పెద్ద ఉప్పునీటి సరస్సు. ఎక్కువ భాగం ఆంధ్రప్రదేశ్‌లో, ఇప్పటి తిరుపతి జిల్లాలో ఉంది. దక్షిణపు కొస తమిళనాడులో ఉంది. ఆరణి, కాళంగి, స్వర్ణముఖి నదుల నీరు దీనిలో కలుస్తుంది. ఈశాన్య రుతుపవనాల వానలతో అక్టోబరు నుంచి డిసెంబరు వరకు సరస్సు నిండి, పడమటి అంచులో ఉప్పు తగ్గుతుంది. తరువాత ఎండలు ముదిరేకొద్దీ నీరు వెనక్కి తగ్గి, ఉప్పు పెరిగి, ఉత్తర భాగం చాలామేర ఎండిన మైదానంగా మారుతుంది. సూళ్లూరుపేట నుంచి శ్రీహరికోటకు వేసిన రోడ్డు కట్ట సరస్సును అడ్డంగా కోస్తుంది. నీటి ప్రవాహానికి అది చేసిన నష్టం వేరే చర్చ, కానీ పక్షి చూసేవారికి అదే అన్నిటికన్నా మంచి వేదిక.

పెద్ద మచ్చల గద్ద మంచినీటిని ఇష్టపడే పక్షి. అందుకే అది సరస్సుకు మాత్రమే కట్టుబడి ఉండదు, చుట్టుపక్కల చెరువులకూ సరస్సుకూ మధ్య తిరుగుతుంది. చెరువుల్లో నీళ్లు ఉన్నంతకాలం బాతులు, బొల్లికోళ్లు అక్కడ ఉంటాయి, గద్ద కూడా వాటి వెంట ఉంటుంది. చెరువు తగ్గి పక్షులు సరస్సుకు మారితే అది కూడా మారుతుంది. మీ మూడు చూపులూ ఒకే పక్షివి కావచ్చని నేను అనుకోవడానికి ఇది ఒక కారణం. గాలి వేడెక్కాక పైకెక్కిన గద్దకు దొరవారిసత్రం చెరువుల నుంచి అటకానితిప్ప చేరడం పెద్ద పని కాదు.

కాలాన్ని బట్టి నిలబడే పద్ధతి ఇలా పెట్టుకోండి. తెల్లవారుజామున వెళ్లి, సూర్యుడు వచ్చేసరికి ఒక చోట స్థిరపడాలి. ఆ వేళ గద్దలు చెట్ల మీద, కరెంటు స్తంభాల మీద, వలల కొయ్యల మీద, కొన్నిసార్లు బురద దిబ్బల మీద కూర్చొని ఉంటాయి. తల పక్క ఫొటోకు అదే సమయం. తొమ్మిది గంటలు దాటి నేల వేడెక్కాక అవి పైకి లేచే వేడిగాలి ఆసరాతో ఎత్తుకు వెళ్తాయి, రెక్క అడుగు ఫొటో అప్పుడు దొరుకుతుంది. పది దాటాక నేలకు దగ్గరగా వేడి అలలు మొదలవుతాయి, స్కోపులో ప్రతి గీతా వణుకుతుంది. అప్పుడు దూరంగా కూర్చున్న పక్షి ఫొటోలతో తంటాలు పడకుండా ఆకాశం మీద దృష్టి పెట్టండి. డిసెంబరు, జనవరి నెలల్లో సూర్యుడు దక్షిణంగా ఉంటాడు కనుక రోడ్డు మీద నిలబడి ఉత్తరం వైపు చూస్తే రోజంతా వెలుతురు మీ వెనుక నుంచి పడుతుంది. ముదురు పక్షి ఆకాశం మీద ఉన్నప్పుడు కెమెరా దానిని నల్లగా తీస్తుంది కాబట్టి ఎక్స్‌పోజరును ఒక మెట్టు పైకి పెట్టండి. ఆకాశం తెల్లబడినా పరవాలేదు, మనకు కావలసింది ఈకల రంగు తేడా. ఫొటోను పదునుపెట్టి, రంగులు పెంచి చూపకండి, అసలు ఫైలు దాచండి.

మీరు నలుగురు ఉన్నారు కాబట్టి ఒక కారులో తిరగడం కన్నా ఇద్దరు ఇద్దరుగా విడిపోయి, ఒక జంట రోడ్డు మీద, మరో జంట చెరువుల వైపు ఉండి, ఫోనులో మాట్లాడుకోవడం మేలు. ఒక జంట కంటికి అందకుండా పోయిన పక్షి మరో జంట వైపు ఎన్ని గంటలకు వచ్చిందో రాసుకుంటే అది వాడే దారి రెండు మూడు వారాల్లో తెలిసిపోతుంది. అనుసరించడం అంటే నేను చెప్పేది ఇదే. దాని వెనుక వాహనం తోలడం కాదు.

అక్కడ చేపలు పట్టే యానాదులను, పడవ మీద వెళ్లే మత్స్యకారులను అడగడం మరవకండి. వాళ్లు పక్షుల పేర్లు మనలా చెప్పకపోవచ్చు, కానీ ఏది ఎక్కడ కూర్చుంటుందో వాళ్లకు తెలిసినంతగా మనకు తెలియదు. "నల్ల గెద్ద పొద్దున్నే ఆ కొయ్య మీద కూచోనుంటాది సార్, ఎండెక్కినాక పైకి పోతాది" అని ఒక పెద్దాయన ఈ మచ్చల గద్ద గురించే నాతో అన్న మాట ఆ చలికాలమంతా నిజమైంది. అడిగేటప్పుడు ఫొటో చూపించి "ఇదేనా" అని అడగకండి, మర్యాద కొద్దీ అవునంటారు. పెద్దదా, ఏం తింటుంది, ఎక్కడ కూర్చుంటుంది అని అడిగి వాళ్లను చెప్పనివ్వండి.

ఒకే పక్షా అన్న ప్రశ్నకు తిరిగి వస్తాను. ఈకల మార్పిడి దీనికి ఉత్తమమైన సాక్ష్యం. గద్దలు ఎగిరే ఈకలను ఒకేసారి మార్చుకోవు, ఒక్కొక్కటిగా సంవత్సరాల తరబడి మార్చుకుంటాయి. అందువల్ల ఏ రెండు పక్షుల రెక్కలూ సరిగ్గా ఒకేలా ఉండవు. మొదటి చలికాలపు పిల్ల పక్షికి అన్ని ఈకలూ ఒకే వయసువి, అంచు చక్కగా, సమానంగా ఉంటుంది. రెండవ చలికాలపు పక్షి రెక్క వెనుక అంచులో కొత్తవి, పాతవి కలిసి, పొడవులు ఎగుడుదిగుడుగా ఉంటాయి. ఎడమ రెక్కలో ఎన్నవ వేలు విరిగింది, కుడి రెక్కలో ఎక్కడ ఖాళీ ఉంది, తోకలో ఏ ఈక అరిగింది అని ఒక చిన్న బొమ్మ గీసుకోండి. రెండు చూపుల్లో ఆ ఖాళీలు కలిస్తే ఒకే పక్షి అని ధైర్యంగా రాయవచ్చు. కలవకపోతే మీ ప్రాంతంలో రెండు ఉన్నాయి, అది ఇంకా మంచి వార్త. కాళ్లకు ఉంగరం గానీ, వీపు మీద యాంటెన్నా ఉన్న ట్రాన్స్‌మిటర్ గానీ కనిపిస్తే రంగు, అంకెలు, ఏ కాలికి ఉందో రాసి, బొంబాయి నాచురల్ హిస్టరీ సొసైటీకి పంపండి.

ఆ ట్రాన్స్‌మిటర్ల వల్ల మనకు తెలిసినది తక్కువ కాదు. 2022లో ఉక్రెయిన్‌లో యుద్ధం మొదలైనప్పుడు, బెలారుస్ చిత్తడి నేలలకు తిరిగి వెళ్తున్న 19 పెద్ద మచ్చల గద్దల దారులను అంతకు ముందు సంవత్సరాల దారులతో పోల్చి చూశారు. అవి సగటున 85 కిలోమీటర్లు ఎక్కువ తిరిగి వెళ్లాయి, దారిలో ఆగే చోట్ల కూడా తక్కువగా ఆగాయి. అలవాటైన విశ్రాంతి చోట మనుషుల అలజడి పెరిగితే ఈ పక్షి దూరంగా తప్పుకుంటుందనడానికి ఇంతకన్నా స్పష్టమైన ఆధారం అక్కరలేదు. ఫిరంగులకూ కెమెరాలకూ పోలిక లేదని మీరు అనవచ్చు, నిజమే. కానీ చలికాలమంతా ఒకే చెరువు మీద బతికే పక్షికి, ప్రతి ఆదివారం పది కార్లు వచ్చి అది కూర్చున్న కొయ్య దాకా నడిచి వెళ్తే, ఆ చెరువు లేనట్లే అవుతుంది.

అందువల్ల దూరం విషయంలో కఠినంగా ఉండండి. గద్ద తల తిప్పి మీ వైపే చూస్తూ, ఒళ్లు బిగించి, ముందుకు వంగితే మీరు ఇప్పటికే దగ్గరికి వచ్చారన్నమాట. అక్కడే ఆగి, మెల్లగా వెనక్కి వెళ్లండి. కారు దిగకుండా అద్దంలోంచి చూస్తే చాలా పక్షులు సహిస్తాయి. ఎండిన సరస్సు అడుగు మీదికి బండి దింపకండి. పక్షికి ఇబ్బంది కావడమే కాక, పైన గట్టిగా కనిపించే బురద కింద మెత్తగా ఉండి బండి దిగబడుతుంది. కోడిపిల్లనో చేపనో ఎర వేసి ఫొటో తీసే పద్ధతి ఎక్కడైనా చూస్తే అటవీ శాఖవారికి చెప్పండి. డ్రోను ఊసే వద్దు. అది అభయారణ్యం, పక్కనే అంతరిక్ష కేంద్రం ఉంది. ఆ కేంద్రం భద్రతా గేటు వైపు కెమెరా పెట్టకుండా ఉండడం కూడా మన పక్షి చూసే గుంపులన్నిటికీ మంచిది, ఒకరి అజాగ్రత్త వల్ల అందరికీ దారి మూసుకుపోతుంది.

నమోదు చేసేటప్పుడు, నిర్ధారణ కాకముందే జాతి పేరు రాయాలన్న తొందర వద్దు. పక్షుల చూపులను నమోదు చేసే ఈబర్డ్ వెబ్‌సైటులో రెండు మచ్చల గద్దల మధ్య తేలని వాటికి వేరే గడి ఉంది, మీ ప్రస్తుత రెండవ ఫొటో దానికే చెందుతుంది. రెక్క అడుగు ఫొటో దొరికాక దానిని మార్చుకోవచ్చు. ప్రతి నమోదుకూ సమయం, వెలుతురు, దూరం, పక్షి ఏం చేస్తోంది, చుట్టూ ఏ నీటిపక్షులు ఉన్నాయి, అవి ఎలా స్పందించాయి అన్నవి కూడా రాయండి. ప్రతి జనవరిలో జరిగే ఆసియా నీటిపక్షుల గణనలో మీ ప్రాంతపు బాధ్యులకు ఈ వివరాలు ఇస్తే, పక్షుల లెక్కతోపాటు వేటపక్షి వివరం కూడా అదే నీటి పట్టుకు చేరుతుంది.

చోటు చెప్పవచ్చా అన్న చివరి ప్రశ్నకు నా అభిప్రాయం ఇది. గూడు కాదు కాబట్టి పూర్తిగా దాచవలసిన అవసరం లేదు. ఎగురుతూ కనిపించిన చూపును "పులికాట్, శ్రీహరికోట రోడ్డు" అని అదే రోజు చెప్పడంలో హాని లేదు. రోజూ వచ్చి కూర్చునే కొయ్యను, రాత్రి వాలే చెట్ల గుంపును, అది బతుకుతున్న చిన్న చెరువు పేరును మాత్రం ఫొటోలతో కలిపి గుంపుల్లో పెట్టకండి. ఫొటో పెట్టే ముందు దానిలో అంటుకొని ఉన్న లొకేషన్ వివరాన్ని తీసేయండి. పక్షులు ఉత్తరానికి తిరిగి వెళ్లే మార్చి, ఏప్రిల్ నెలల తరువాత ఆ వివరాలన్నీ పూర్తిగా బయటపెట్టవచ్చు, అప్పటికి వాటి వల్ల పరిశోధకులకు మేలే తప్ప ఆ పక్షికి అలజడి ఉండదు. స్థానిక అటవీ అధికారికి మాత్రం చెరువు పేరుతో సహా ఇప్పుడే తెలియజేయండి, ఆ చెరువు మీదుగా కొత్త కరెంటు తీగలు లాగుతున్నారా, నీటిని ముందే వదిలేస్తున్నారా అన్నది చూడవలసింది వాళ్లే. పెద్ద రెక్కల పక్షులకు తీగలు తగిలే ప్రమాదం ఎక్కువ. మీ మూడవ ఫొటోలో కట్ట వెంట స్తంభాల వరుస కనిపిస్తోంది. తరువాతి సారి వెళ్లినప్పుడు ఆ స్తంభాల కింద రాలిన ఈకలు గానీ చనిపోయిన పక్షులు గానీ ఉన్నాయేమో చూసి, ఉంటే తాకకుండా ఫొటో తీసి అటవీ అధికారికి రాసే లేఖకు జత చేయండి.